అశోక్‌నగర్ ‘నౌన్స్’ స్పైరల్ నోట్సు: కొనే ముందు, కొన్న తర్వాత

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల, అశోక్‌నగర్ గల్లీల్లో, జిరాక్స్ షాపుల ముందు పోటీ పరీక్షల పాలిటీ, ఎకానమీ కట్టల పక్కనే ఇంగ్లిష్ గ్రామర్ స్పైరల్ నోట్సులు దొరుకుతాయి. అమీర్‌పేటలోనూ, దిల్‌సుఖ్‌నగర్‌లోనూ ఇదే సరుకు. వాటిలో నామవాచకాలు (నౌన్స్), వాటి బహువచనాల చాప్టర్ గురించే ఈ రివ్యూ. ఈ నోట్సుల మీద సాధారణంగా రచయిత పేరుండదు. ఏదో ఒక క్లాసులో బోర్డు మీద రాసినదాన్ని ఒకరు ఎత్తి రాసుకుంటారు, దానికి జిరాక్స్, ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్. కాబట్టి ఇక్కడ చెప్పేది ఏ ఒక్క షాపు మీదో సెంటర్ మీదో కాదు, ఈ బాపతు నోట్సు మొత్తం మీద.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు టైం కలిసొస్తుంది. పట్టికలు బాగుంటాయి. పట్టిక పక్కన ఉండాల్సిన వాక్యాలే ఉండవు. ఈ చాప్టర్‌లో మార్కు పోయేది చాలాసార్లు నౌన్ దగ్గర కాదు, దాని పక్కనున్న క్రియ దగ్గర, ముందున్న ‘మెనీ’, ‘మచ్’, ‘ఎ’, ‘దీజ్’ దగ్గర. నోట్సు ఆ పక్క చూపే చూడదు.

కొనే ముందు ప్రింటు చూడండి. ఇది చాదస్తం కాదు. ఈ చాప్టర్‌లో ఒక్క అక్షరం తేడాతో మాట మారిపోయే జంటలు బోలెడు. కాగితాలు, పెన్నులు అమ్మే ‘స్టేషనరీ’కి చివరి ‘ఆర్’ ముందు ‘ఇ’, కదలకుండా నిలబడ్డ ‘స్టేషనరీ’కి అదే చోట ‘ఎ’. విశ్లేషణ ఒకటైతే ‘ఎనాలిసిస్’, చివర ‘ఐ-ఎస్’. రెండైతే ‘ఎనాలిసీజ్’, చివర ‘ఇ-ఎస్’. నాలుగో తరం జిరాక్స్‌లో ‘ఇ’, ‘ఎ’, ‘ఐ’ మూడూ నల్లటి చుక్కలే. ‘క్రైసిస్, క్రైసీజ్’ ఉన్న పేజీ తీయించి, రెండు మాటలకూ తేడా కంటికి కనిపిస్తేనే డబ్బులివ్వండి. కనిపించకపోతే ఇంకో కాపీ అడగండి. షాపులో ఒరిజినల్‌కు దగ్గరగా ఉన్నది ఒకటి ఉంటుంది, దాన్నుంచి తీసివ్వమంటే తీసిస్తారు.

స్పెల్లింగ్ సూత్రాల భాగం ఈ నోట్సుల్లో అన్నిటికన్నా గట్టిది. హల్లు తర్వాత ‘వై’ వస్తే తీసేసి ‘ఐ-ఇ-ఎస్’, అచ్చు తర్వాత వస్తే ఉత్త ‘ఎస్’ అనేది శుభ్రంగా ఉంటుంది. సిటీ సిటీస్ అవుతుంది, మంకీకి ఏమీ కాదు. ఒక్కటి మాత్రం చాలా కాపీల్లో కనపడదు: మనుషుల పేర్లకు ఈ సూత్రం వర్తించదు. ఒక క్లాసులో ఇద్దరు రెడ్డిలుంటే ‘వై’ అలాగే ఉంచి ‘ఎస్’ చేర్చాలి. ‘ఐ-ఇ-ఎస్’ పెడితే ఇంటిపేరే మారిపోతుంది. మన ఊళ్లో పెళ్లి బ్యానర్లు, అపార్ట్‌మెంట్ నేమ్ బోర్డులు రాసేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకుంటే మంచిది.

‘ఓ’తో ముగిసే మాటలకు నోట్సు ఒక చిట్కా చెబుతుంది: ప్రాణమున్నవాటికి, తినేవాటికి ‘ఇ-ఎస్’, యంత్రాలకు, వాద్యాలకు ‘ఎస్’. హీరో, పొటాటో, టొమాటో ఒక వైపు. ఫొటో, పియానో, డైనమో, కిలో ఇంకో వైపు. పరీక్షకు ఈ చిట్కా చాలావరకు నిలబడుతుంది. ఎక్కడ కూలుతుందో కూడా తెలియాలి. ప్రతిధ్వనికి ప్రాణం లేదు, అయినా ‘ఎకో’కు ‘ఇ-ఎస్’. కంగారూకు ప్రాణముంది, అయినా ‘ఎస్’ మాత్రమే, ఎందుకంటే చివరి ‘ఓ’కు ముందు ఇంకో అచ్చు ఉంది. రేడియో, స్టూడియో, బాంబూ కూడా ఈ లెక్కే. మ్యాంగో, వాల్కనో రెండు రకాలుగానూ రాయొచ్చు. నోట్సు మాత్రం ఒకదాన్ని కొట్టేసి చూపిస్తుంది.

‘ఎఫ్’ను ‘వి’ చేసే జాబితా, చేయని జాబితా రెండూ ఉంటాయి. నైఫ్, వైఫ్, థీఫ్, షెల్ఫ్, లోఫ్ మారతాయి. రూఫ్, ప్రూఫ్, చీఫ్, బిలీఫ్, గల్ఫ్, హ్యాండ్‌కర్చీఫ్ మారవు. ఇక్కడ మన ఆఫీసుల్లో పుట్టిన గొడవ ఒకటుంది. ‘లీఫ్’కు బహువచనం ‘లీవ్స్’. సెలవు అనే ‘లీవ్’కూ మనవాళ్లు ‘లీవ్స్’ చేసేశారు: ‘ఐ హావ్ టెన్ లీవ్స్’. మాటల్లో చెల్లిపోతుంది. గ్రూప్–1 మెయిన్స్‌లో 150 మార్కుల జనరల్ ఇంగ్లిష్ క్వాలిఫైయింగ్ పేపర్ రాసేవాళ్లు లెటర్‌లో అలా రాయకపోవడమే క్షేమం. ‘టెన్ డేస్ లీవ్’ అని, ‘డేస్’లో ‘ఎస్’ తర్వాత అపాస్ట్రఫీ పెట్టి రాయాలి. ఒక్క రోజైతే అపాస్ట్రఫీ ‘ఎస్’కు ముందు. నోట్సులో అపాస్ట్రఫీ ఉంటే గింటే ‘పొజెసివ్’ అనే వేరే చాప్టర్‌లో ఉంటుంది. నిజానికి రెండూ ఒకే పేజీలో ఉండాలి, ఎందుకంటే బహువచనానికి అపాస్ట్రఫీ తగిలించడం నగరంలో సైన్‌బోర్డులకు పట్టిన పెద్ద జబ్బు. ‘పార్కింగ్ ఫర్ కస్టమర్స్ ఓన్లీ’ అన్నచోట అపాస్ట్రఫీకి పనే లేదు.

ఇక అసలు భాగం, లెక్కపెట్టలేని నౌన్లు. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్, లగేజ్, ఎక్విప్‌మెంట్, సీనరీ, మెషినరీ, జ్యువెలరీ, పొయెట్రీ, హోంవర్క్, సాఫ్ట్‌వేర్, బ్రెడ్. జాబితా ప్రతి కాపీలోనూ ఉంటుంది, ‘వీటికి ఎస్ చేర్చరాదు’ అని కింద గీత కూడా ఉంటుంది. అంతవరకే. ఎందుకు తప్పుతామో, ఎలా పట్టుకోవాలో ఉండదు.

తప్పేది తెలుగు లెక్కను ఇంగ్లిష్‌లోకి ఎత్తుకెళ్లడం వల్ల. మనకు సలహాలుంటాయి, సామాన్లుంటాయి, నగలుంటాయి, వార్తలొస్తాయి. అన్నీ బహువచనాలే, కాబట్టి ‘అడ్వైసెస్’, ‘లగేజెస్’, ‘న్యూస్ ఆర్’ నోటికి సహజంగా వచ్చేస్తాయి. కత్తెర, ప్యాంటు మనకు ఒక్కొక్కటే, ఇంగ్లిష్‌లో ‘సిజర్స్’, ‘ట్రౌజర్స్’ ఎప్పుడూ బహువచనాలే. ‘ది సిజర్స్ ఈజ్ ఆన్ ది టేబుల్’ తప్పు, ‘ఆర్’ ఉండాలి. కానీ ‘ఎ పెయిర్ ఆఫ్ సిజర్స్’ అన్నారంటే లెక్కకు వచ్చేది ‘పెయిర్’, కాబట్టి ‘ఈజ్’. వాక్యంలో తప్పున్న ముక్కను పట్టుకోమనే స్పాటింగ్ ఎర్రర్స్‌లో ఈ ‘పెయిర్’ను వాక్యంలో పెట్టడం, తీసేయడం పేపర్ సెట్టర్ల పాత పద్ధతి.

పట్టిక బట్టీ పట్టే బదులు మాటకు మూడు ప్రశ్నలు వేయండి. ముందు ‘ఎ’ గానీ ‘యాన్’ గానీ నిలుస్తుందా? ‘మెనీ’ అతుకుతుందా, ‘మచ్’ అతుకుతుందా? క్రియ ‘ఈజ్’ కోరుతుందా, ‘ఆర్’ కోరుతుందా? ఫర్నిచర్‌కు ‘ఎ’ నిలవదు, ‘మచ్’ అతుకుతుంది, ‘ఈజ్’ వస్తుంది. పోలీస్‌కు ‘ఎ’ నిలవదు, కానీ ‘మెనీ’ అతుకుతుంది, ‘ఆర్’ వస్తుంది. రెండూ ‘ఎస్’ చేర్చని మాటలే. నోట్సు ఈ రెంటినీ ఒకే పట్టికలో కుక్కేస్తుంది, అందుకే చదివినవాళ్లు ‘ది పోలీస్ హాజ్ అరెస్టెడ్’ దగ్గర బోల్తా పడతారు. అక్కడ ‘హావ్’ ఉండాలి. క్యాటిల్ కూడా పోలీస్ పక్షమే: ‘క్యాటిల్స్’ లేదు, ‘క్యాటిల్ ఆర్’ ఉంది. కొన్న వెంటనే ఎర్ర పెన్ను తీసుకుని ఆ పట్టికను రెండు ముక్కలు చేయండి: ‘ఈజ్’ మాటలు, ‘ఆర్’ మాటలు. ఈ ఒక్క పనితో నోట్సు విలువ పెరుగుతుంది.

విడిగా లెక్కపెట్టాల్సి వస్తే ఏం వాడాలో కూడా పక్కన రాసుకోండి. ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’, ‘యాన్ ఐటెమ్ ఆఫ్ న్యూస్’, ‘ఎ లోఫ్ ఆఫ్ బ్రెడ్’, ‘ఎ షీట్ ఆఫ్ పేపర్’. బహువచనం వచ్చినా ‘పీసెస్’కే వస్తుంది, ‘అడ్వైస్’కు రాదు. అన్నట్టు ‘అడ్వైస్’ నౌన్, చివర ‘సి-ఇ’. ‘అడ్వైజ్’ క్రియ, చివర ‘ఎస్-ఇ’. ప్రాక్టీస్, లైసెన్స్‌లకు కూడా బ్రిటిష్ పద్ధతిలో నౌన్‌కు ‘సి’, క్రియకు ‘ఎస్’, అయితే వీటిలో ఉచ్చారణ మారదు. కాబట్టి చెవిని నమ్మకుండా ఈ రెంటికీ ‘అడ్వైస్’ను గుర్తు చేసుకోవడం తేలిక.

నోట్సు పూర్తిగా తప్పుదారి పట్టించేది రెండు ముఖాల మాటల దగ్గర. ‘పేపర్’ కాగితమైతే లెక్కపెట్టలేం. పరీక్ష పేపరైనా, న్యూస్‌పేపరైనా లెక్కపెట్టొచ్చు. ‘హెయిర్’ జుట్టంతా కలిపి ఒకటే, సాంబారులో పడ్డ వెంట్రుక మాత్రం ‘ఎ హెయిర్’. ‘వర్క్’ పని, ‘వర్క్స్’ ఒక రచయిత రచనలు. ‘ఎక్స్‌పీరియన్స్’ ఉద్యోగ అనుభవమైతే ‘ఎస్’ రాదు, జరిగిన అనుభవాలైతే వస్తుంది. ‘పీపుల్’ జనం, ‘పీపుల్స్’ జాతులు. చేపలు మామూలుగా ‘ఫిష్’, రకరకాల జాతుల చేపలైతే ‘ఫిషెస్’. ‘వీటికి ఎస్ రానేరాదు’ అని గీత గీసిన నోట్సు చదివినవాళ్లు ‘ఫిషెస్’ కనపడగానే అదే ఎర్రర్ అని టిక్ పెడతారు. సరైన జవాబు ‘నో ఎర్రర్’ అయి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్ఎస్‌సీ సీజీఎల్ టయర్–1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. తెలియక వదిలేస్తే ఆ 2 మార్కులే పోతాయి. అతి అనుమానంతో టిక్ పెడితే ఆపైన అర మార్కు అదనపు నష్టం.

‘ఎస్’ చేరితే అర్థం మారే మాటల పట్టిక బాగుంటుంది, పరవాలేదు. ‘కస్టమ్’ ఆచారం, ‘కస్టమ్స్’ శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బ్యాగు తెరిపించే శాఖ. ‘డ్యామేజ్’ నష్టం, ‘డ్యామేజెస్’ కోర్టు ఇప్పించే నష్టపరిహారం. ‘ఆర్మ్స్’ ఆయుధాలు, ‘మినిట్స్’ మీటింగ్ రికార్డు, ‘గుడ్స్’ సరుకులు. ‘క్వార్టర్’, ‘క్వార్టర్స్’ తేడా హైదరాబాద్‌లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. మొదటిది సీసాలో, రెండోది గవర్నమెంట్ కాలనీలో. ‘క్లాత్’ దగ్గర మాత్రం జాగ్రత్త: ‘క్లాత్స్’ గుడ్డ ముక్కలు, ‘క్లోద్స్’ వేసుకునే బట్టలు, మధ్యలో ఒక్క ‘ఇ’ తేడా. ఫోన్‌లోని స్పెల్‌చెక్ దీన్ని పట్టదు, రెండూ అసలైన మాటలే కాబట్టి.

గ్రీకు, లాటిన్ మాటల పేజీ చూస్తే నోట్సు రాసినవారికి క్లాసులో గంభీరంగా కనిపించాలన్న కోరిక ఉన్నట్టు అనిపిస్తుంది. ‘సిలబై’ మాత్రమే రైటు, ‘సిలబసెస్’ తప్పు అంటుంది. ‘ఫార్ములే’ మాత్రమే రైటు, ‘ఫార్ములాస్’ తప్పు అంటుంది. డిక్షనరీలు రెంటినీ ఒప్పుకుంటాయి. ‘ఇండెక్స్’ పుస్తకం వెనకాల పదసూచి అయితే ‘ఇండెక్సెస్’, గణితంలోనో ధరల సూచీల్లోనో అయితే ‘ఇండిసీస్’ ఎక్కువ వాడుక. ‘ఆక్టోపై’ అయితే తలకిందుల పాండిత్యం: మాట మూలం గ్రీకు, ‘ఐ’తో బహువచనం లాటిన్ పద్ధతి. మామూలుగా ‘ఆక్టోపసెస్’ అంటే సరిపోతుంది.

నిజంగా గట్టిగా ఉండాల్సినచోట మాత్రం నోట్సు మెత్తబడుతుంది. ‘క్రైటీరియన్’ ఒకటి, ‘క్రైటీరియా’ అనేకం. ‘ది ఓన్లీ క్రైటీరియా ఈజ్’ ఇప్పటికీ తప్పే. ‘ఫినామినన్, ఫినామినా’ అంతే. ‘డేటా’ మాత్రం ‘ఈజ్’తోనూ, ‘ఆర్’తోనూ నడుస్తోంది. ప్రశ్నలో అది కనిపిస్తే ఎర్రర్ వేరే ముక్కలో ఉందేమో ముందు వెతకండి. ‘అజెండా’ లాటిన్‌లో బహువచనమే అయినా ఇంగ్లిష్‌లో ఏకవచనమై కూర్చుంది, దానికి ‘అజెండాస్’ కూడా ఉంది. ఉస్మానియాలో చదివి ‘ఐ యామ్ యాన్ అలమ్నై ఆఫ్ ఓయూ’ అని ప్రొఫైల్‌లో పెట్టుకునేవాళ్లు చాలామంది. ఒక్కరైతే, మగవారు ‘అలమ్నస్’, ఆడవారు ‘అలమ్నా’. ‘అలమ్నై’ అంటే మందిని కలిపి.

జంట మాటల్లో సూత్రం ఒక్కటే: అసలు మనిషి ఎవరో, ‘ఎస్’ వారికి. ‘మదర్స్-ఇన్-లా’, ‘పాసర్స్-బై’, ‘కమాండర్స్-ఇన్-చీఫ్’. అయితే ‘అత్తగారి ఇల్లు’ అనేటప్పుడు అపాస్ట్రఫీ చివరికే వెళ్తుంది: ‘మదర్-ఇన్-లాస్ హౌస్’. ‘స్పూన్‌ఫుల్’ ఒకే మాటైపోయింది కాబట్టి ‘స్పూన్‌ఫుల్స్’. ‘ఉమన్ డాక్టర్’లో రెండూ మారి ‘విమెన్ డాక్టర్స్’ అవుతుంది. ‘లేడీ డాక్టర్’లో చివరిదే మారుతుంది. ఈ తేడా చెప్పిన కాపీ దొరికితే తీసుకోండి, అది కాస్త శ్రద్ధగా రాసింది.

అంకెల పేజీ తప్పనిసరిగా చదవాలి, ఎందుకంటే ఊరి నిండా తప్పులున్నది ఇక్కడే. అంకె, నౌన్ కలిసి ఇంకో నౌన్ ముందు విశేషణంలా కూర్చుంటే ‘ఎస్’ పోతుంది. ‘ఎ త్రీ-బెడ్‌రూమ్ ఫ్లాట్’, ‘ఎ టెన్-రూపీ నోట్’, ‘ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్’. కొంపల్లి నుంచి కోకాపేట దాకా హోర్డింగుల్లో ‘త్రీ బెడ్‌రూమ్స్ ఫ్లాట్’ అని చూసి చూసి కన్ను అలవాటు పడిపోతుంది. ముందు కచ్చితమైన అంకె ఉంటే లాక్, క్రోర్, డజన్ మారవు: ‘ఫైవ్ లాక్ రుపీస్’. అంకె లేకపోతే మారతాయి: ‘లాక్స్ ఆఫ్ పీపుల్’. ‘వన్ ఆఫ్’ తర్వాత నౌన్ బహువచనం, క్రియ ఏకవచనం. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ వర్క్స్ ఇన్ మాదాపూర్’. మనం ‘ఫ్రెండ్’ అని వదిలేస్తాం, తెలుగులో ‘నా ఫ్రెండ్ ఒకడు’ అంటాం కాబట్టి. చాలా నోట్సుల్లో ఇది నౌన్ చాప్టర్‌లో కాకుండా క్రియల చాప్టర్‌లో దాక్కుని ఉంటుంది. రెంటినీ కలిపి చదవండి.

ఉచ్చారణ మీద ఒక్క ముక్కా ఉండదు. ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లకు ఇది పెద్ద లోటే. బహువచనం ‘ఎస్’ను మూడు రకాలుగా పలకాలి. ‘క్యాట్స్’లో ‘స్’. ‘డాగ్జ్’లో ‘జ్’. ‘బసిజ్’, ‘బాక్సిజ్’లో ‘ఇజ్’. ‘ఉమన్’ బహువచనంలో రాతలో మారేది రెండో అచ్చు, పలుకుబడిలో బాగా మారేది మొదటిది: ‘విమిన్’. ‘స్టమక్’లో ‘సి-హెచ్’ను ‘క’గా పలుకుతాం కాబట్టే బహువచనానికి ‘ఇ-ఎస్’ అక్కర్లేదు, ‘మోనార్క్’ కూడా అంతే. తార్నాక దగ్గరున్న ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ 1958లో మొదలైందే ఇంగ్లిష్ బోధన మెరుగుపరచడానికి. అలాంటి సంస్థ ఉన్న ఊళ్లో కోచింగ్ నోట్సుల్లో పలుకుబడికి పేజీ లేకపోవడం చిత్రమే.

కొన్నాక చదవాల్సిన వరస ఇది. ముందు లెక్కపెట్టలేనివి, ‘ఈజ్’–‘ఆర్’ విడగొట్టుకుని. తర్వాత అంకెల పేజీ, ‘వన్ ఆఫ్’. ఆ తర్వాత అర్థం మారేవి. లాటిన్ పేజీ చివర్లో. స్పెల్లింగ్ సూత్రాలు స్కూల్లో చదివినవే కాబట్టి ఒకసారి తిరగేస్తే చాలు. ప్రతి మాటకూ పక్కన సొంతంగా ఒక వాక్యం రాయాలి, అందులో క్రియ తప్పనిసరిగా ఉండాలి. ‘సీనరీ’ అని ఊరికే రాసుకుంటే రెండు రోజుల్లో మర్చిపోతారు. ‘ది సీనరీ ఎట్ అనంతగిరి ఈజ్ లవ్లీ’ అని రాస్తే ‘ఈజ్’తో సహా గుర్తుంటుంది. నోట్సు మార్జిన్లు సన్నగా ఉంటాయి కాబట్టి బైండింగ్ చేయించేటప్పుడే మధ్యమధ్యలో తెల్ల కాగితాలు వేయమని అడగండి.

అనుమానం వచ్చిన మాటకు నోట్సును నమ్మకండి, ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం వేసే లెర్నర్స్ డిక్షనరీ చూడండి. ఆబిడ్స్, కోఠీ ఆదివారం పుస్తకాల సంతలో పాతవి దొరుకుతాయి. నౌన్ పక్కన ‘సి’ అని ఉంటే లెక్కపెట్టొచ్చు, ‘యు’ అని ఉంటే లేదు, రెండూ ఉంటే అది రెండు ముఖాల మాట. మామూలు ఇంగ్లిష్–తెలుగు నిఘంటువుల్లో ఈ గుర్తులుండవు, కొనేటప్పుడు ‘అడ్వైస్’ ఉన్న పేజీ తెరిచి ‘యు’ ఉందో లేదో చూసుకోండి. పాత ఎడిషనైనా ఫర్వాలేదు, ‘ఫర్నిచర్’ స్వభావం మారలేదు.

ఎస్ఎస్‌సీ, బ్యాంకు పరీక్షలకు నెల రోజుల టైమున్నవాళ్లకు ఐదుకు మూడు మార్కుల సరుకు ఇది. గ్రూప్–1 జనరల్ ఇంగ్లిష్‌కు రెండే, ఎందుకంటే అక్కడ తప్పు పట్టడం కాదు, సొంతంగా రాయడం కావాలి. స్కూలు పిల్లల కోసమైతే కొనకండి, టెక్స్ట్‌బుక్‌లో ఇంతకన్నా ఎక్కువ వాక్యాలుంటాయి. షాపువాళ్లు గ్రామర్ మొత్తం కట్ట అంటగట్టబోతే, నౌన్స్, సబ్జెక్ట్–వెర్బ్ అగ్రిమెంట్ రెండు చాప్టర్లే తీసివ్వమనండి. పేజీల లెక్కన తీసుకుంటారు.